ఔట్‌బోర్డు మోటారు జింకు ముక్కలు, ట్రిమ్ ట్యాబ్: ఏడేళ్లు వాడాక నా అనుభవం

మాది ఫైబర్ బోటు, వెనక 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు. కాకినాడ ఉప్పుటేరులో కట్టేస్తాం, హోప్ ఐలాండ్ దాటి వేటకి పోతాం, గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో కోరంగి వైపు పాయల్లోకి తిప్పుతాం. మోటారు కొని ఏడేళ్లయింది. దాని కాలికి (నీళ్లలో మునిగే కింది భాగానికి) బిగించే యానోడ్లు, అంటే కాలి బదులు తాము కరిగిపోయే లోహం ముక్కలు, ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న రెక్క గురించి నాకు మొదట్లో ఎవరైనా ఇంత వివరంగా చెప్పి ఉంటే ఒక గేర్‌బాక్స్ కేసింగు బాగుండేది. మా రేవులో యానోడ్లన్నిటినీ జింకు అనే అంటారు, అది ఏ లోహంతో చేసిందైనా సరే.

రెండో ఏడు వేట నిషేధంలో (మా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు) మోటారు దింపి చూస్తే ప్రొపెల్లర్‌కి దగ్గర్లో గేర్‌బాక్స్ మీద రంగు బొబ్బల్లా లేచి ఉంది. గోటితో గీకితే పెచ్చు ఊడొచ్చింది. కింద సున్నం లాంటి తెల్ల పొడి, అది తుడిస్తే కందిగింజ కూర్చునేంత గుంటలు. పైనున్న జింకు మాత్రం నిన్న బిగించినట్టు ఉంది, కాస్త కూడా అరగలేదు. పోన్లే ఇదైనా బాగుంది అనుకున్నాను. మెకానిక్ బాబాయ్ వచ్చి దాని మీద స్క్రూడ్రైవర్‌తో ఒక గీత గీసి చూపించాడు. "అరగలేదని సంబరపడతావేంట్రా అబ్బాయ్, అది అరగలేదు కాబట్టే ఇది అరిగింది." ముందు ఏడాది సర్వీసుకి ఇచ్చిన చోట మోటారు కాలు మొత్తానికి స్ప్రే పెయింట్ కొడుతూ జింకుకి, ట్రిమ్ ట్యాబ్‌కి కూడా కొట్టేశారు. ఏడాది పాటు నేను ఆ రంగు చూస్తూనే తిరిగాను, శుభ్రంగా ఉందనుకున్నాను.

సంగతి ఏంటంటే, ఉప్పునీళ్లలో రెండు రకాల లోహాలు తగులుకుని ఉంటే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. మోటారు కాలు అల్యూమినియం, ప్రొపెల్లర్ షాఫ్టు స్టెయిన్‌లెస్ స్టీలు, ఆ రెండిట్లో కరిగిపోయేది అల్యూమినియమే. దానికంటే తొందరగా కరిగే లోహాన్ని అక్కడ బిగిస్తే ముందు అది కరుగుతుంది, కాలు మిగులుతుంది. కానీ ఆ ముక్క ఇటు నీళ్లకీ తగలాలి, అటు కాలి లోహానికీ తగలాలి. రంగు వేస్తే నీళ్లకి తగలదు. కింద రంగో గ్రీజో తెల్ల పొడో ఉంటే కాలికి తగలదు. ఏది తప్పినా అది ఉత్త బరువే.

అందుకని ఇప్పుడు కొత్తది బిగించేముందు అది కూర్చునే చోటు వైర్ బ్రష్‌తో తెల్లగా మెరిసేదాకా రుద్దుతాను. గ్రీజు బోల్టు మరలకి మాత్రమే రాస్తాను, అది రాయకపోతే స్టీలు బోల్టు అల్యూమినియంలో అతుక్కుపోయి మళ్లీ విప్పేటప్పుడు తల తెగుతుంది. బిగించాక మల్టీమీటర్ ఒక ముల్లు జింకుకి, ఇంకోటి కాలి మీద రంగు లేని చోట పెట్టి చూస్తాను. కరెంటుకి అడ్డు (రెసిస్టెన్స్) ఒక ఓమ్ కూడా రాకూడదు. ఎక్కువ చూపిస్తే మొహమాటం లేకుండా విప్పి మళ్లీ రుద్దాలి, రెండు నిమిషాల పని.

ఇక ఏ లోహం అన్నది. నేను మూడు రకాలు వాడాను. మోటారుతో వచ్చింది జింకు, సముద్రంలో బాగానే పనిచేసింది. తర్వాత చవగ్గా దొరికిందని లోకల్‌గా పోతపోసిన జింకు ఒకటి కొన్నాను, అది బోల్టు రంధ్రం చుట్టూ ముందు కరిగిపోయి మిగతా ముక్క ముక్కలాగే ఉండగా నీళ్లలో పడిపోయింది. జింకులో ఇనుము కాస్త కలిసినా అది సరిగ్గా పనిచెయ్యదు, పాత సామాను కరిగించి పోసినదాంట్లో ఏముందో ఎవరు చూస్తారు? జింకుకి 18001, అల్యూమినియంకి 24779 అని అమెరికా మిలిటరీ స్పెసిఫికేషన్ నంబర్లు ఉంటాయి, ప్యాకెట్ మీద అవి ఉన్నవే ఇప్పుడు కొంటున్నాను.

మూడోది అల్యూమినియం మిశ్రమం. నాలుగేళ్లుగా అదే, ఇక మార్చను. మా నీళ్లకి అదే సరైనది. గోదావరికి వరద వచ్చే జులై, ఆగస్టుల్లో కోరంగి పాయల్లో నీళ్లు ఎర్రగా, దాదాపు మంచినీళ్లలా అయిపోతాయి. ఆ నీళ్లలో జింకు మీద గట్టి పొర కట్టేస్తుంది, మళ్లీ సముద్రంలోకి తెచ్చినా ఆ పొర గీకేదాకా నిద్రపోతూనే ఉంటుంది. అల్యూమినియం రకానికి ఈ బెడద చాలా తక్కువ. పైగా బ్యాటరీ లెక్కలో చూస్తే కిలో జింకు సుమారు 780 ఆంపియర్ అవర్లు ఇస్తే ఇది 2,500 దాకా ఇస్తుంది, అందుకే చేతిలో తేలిగ్గా ఉన్నా ఎక్కువ కాలం వస్తుంది. అలాగని షెడ్డులో ఉన్న మామూలు అల్యూమినియం ముక్క కోసి పెట్టకండి, అది పనికిరాదు, ఇందులో కొద్దిగా జింకు, ఇండియం కలుపుతారు. నాగార్జునసాగర్‌లోనో పాపికొండల వైపో మంచినీళ్లలోనే తిప్పేవాళ్లకి మెగ్నీషియం. దాన్ని సముద్రంలోకి తెస్తే సబ్బుబిళ్లలా కరిగిపోతుంది.

ట్రిమ్ ట్యాబ్ అంటే ప్రొపెల్లర్‌కి పైన, అడ్డంగా ఉండే ప్లేటు కింద చేప తోకలా వేలాడే చిన్న రెక్క. మా మోటారులో అది కూడా యానోడే. దాని అసలు పని మాత్రం వేరే. ప్రొపెల్లర్ ఒకవైపుకే తిరుగుతుంది కాబట్టి స్పీడులో బోటు ఒకవైపుకి లాగుతుంది, ఆ లాగుడుని ఈ రెక్క సరిచేస్తుంది. మొదటిసారి మార్చినప్పుడు పాతది ఏ కోణంలో ఉందో చూసుకోకుండా విప్పేసి, కొత్తది నిటారుగా బిగించాను. హోప్ ఐలాండ్ దాకా వెళ్లి వచ్చేసరికి హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి భుజం దాకా లాగేసింది, రాత్రి అన్నం కలుపుకోవడం కూడా కష్టమైంది.

లెక్క సులువే. బోటు కుడికి లాగుతుంటే రెక్క వెనక కొసని కుడికే తిప్పాలి. వినగానే తలకిందులుగా అనిపిస్తుంది కానీ ఆలోచించండి, నీళ్లు వచ్చి ఆ కొసని ఎడమకి నెడతాయి, దాంతో మోటారు వెనక భాగం ఎడమకి జరుగుతుంది, బోటు ముక్కు కూడా ఎడమకి వస్తుంది. ఎడమకి లాగితే కొసని ఎడమకి. ఒకేసారి ఎక్కువ తిప్పకుండా కొంచెం తిప్పి, రోజూ వెళ్లే స్పీడులోనే పరీక్షించి, మళ్లీ కొంచెం తిప్పాలి. నాకు మూడు సార్లకి కుదిరింది. విప్పేముందు పాతదాని గీత ప్లేటు మీద మార్కర్‌తో గీసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఇదంతా తప్పుతుంది.

ఇంకో విషయం నాకు నాలుగో ఏడు తెలిసింది. రెక్క అరిగేకొద్దీ దాని వెడల్పు తగ్గుతుంది, లాగుడు మెల్లగా మళ్లీ మొదలవుతుంది. బోటు కొత్తగా ఒకవైపుకి లాగుతోందంటే నేను మొదట రెక్కే చూస్తాను. ఇప్పటికి రెండుసార్లు అలా చూసినప్పుడు సగం కంటే ఎక్కువ పోయి ఉంది. సగం పోతే మార్చేయడమే, పూర్తిగా కరిగేదాకా ఆగకూడదు. కొన్ని మోటార్లలో ఈ రెక్క యానోడు కాదు, కంపెనీ వాళ్లే రంగు వేసి ఇస్తారు, మీ మోటారు పుస్తకం చూడకుండా దాని రంగు గీకకండి.

మోటారుని బోటుకి పట్టి ఉంచే బ్రాకెట్ కింద ఉండే జింకుని, సిలిండర్ బ్లాకు లోపల ఉండే చిన్నవాటిని చాలామంది మర్చిపోతారు. లోపలివి ఏటా సర్వీసులో తీయించి కళ్లతో చూడండి. కట్టేసినప్పుడు మోటారుని సగం లేపి వదలొద్దు, కాలు కొస నీళ్లలో, జింకు గాల్లో ఉంటే దానికి కాపలా ఉండదు. లేపితే పూర్తిగా లేపాలి. నాచు పట్టకుండా వేసే రాగి కలిసిన పెయింటు కాలికి అసలు తగలనివ్వకండి.

ఆ కందిగింజ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, ఏటా నిషేధంలో అదే చోట వేలు పెట్టి తడుముతాను. నాలుగేళ్లుగా పెరగలేదు. ఒక కొత్త రెక్క, బోల్టు, దానికి సరిపోయే పానా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి బోటులో సీటు కింద పెట్టుకున్నాను.