పార్క్‌లేన్‌లో "అన్నిటికీ పనిచేస్తుంది సార్" అంటూ అమ్మే నెట్‌వర్క్ ప్రింటర్లతో జాగ్రత్త

ఆ కొట్టు ఏదో సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారైన పార్క్‌లేన్‌లో తిరిగేవారికి పేరు పెట్టి చెప్పనక్కర్లేదు. మా ఆఫీసు సర్వర్ విండోస్, లైనక్స్ కాని ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుందని, పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కు చెప్పే భాష) గానీ ఐపీపీ ఎవ్రీవేర్ (వేరే డ్రైవర్ లేకుండా నెట్‌వర్క్ మీద ప్రింటు చేసే పద్ధతి) గానీ ఉన్న ప్రింటరే కావాలని కౌంటర్ దగ్గర విడమరచి చెప్పి, "రెండూ ఉన్నాయి సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్న హామీ మీదే డబ్బు కట్టాను.

తీరా తెచ్చి కేబుల్ తగిలిస్తే, నెట్‌వర్క్‌లో ఉన్నావా అని అడిగే పింగ్‌కు పలుకుతుంది, అంతవరకే. ఐపీపీ వాడే 631 పోర్టును తడితే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటుంది. ఫైలును నేరుగా అందుకునే 9100 పోర్టుకు పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు పంపితే పచ్చలైటు కాసేపు మిణుకుమిణుకుమని, కాగితం కదలకుండానే ఊరుకుంటుంది. పేజీని సొంతంగా రూపొందించుకోలేని రకం అది. ఆ చాకిరీ అంతా కంప్యూటర్‌లోని డ్రైవరే చేసిపెట్టాలి, ఆ డ్రైవర్‌నేమో కంపెనీ విండోస్‌కూ లైనక్స్‌కూ మాత్రమే, అదీ సోర్సు లేకుండా ఇచ్చింది. ఫ్రీబీఎస్‌డీలో లైనక్స్ ప్రోగ్రాములను నడిపించే లైనక్స్ కంపాటిబిలిటీ మీద ఎక్కించి చూసినా, ప్రింటింగ్ పని చూసే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ 'ఫిల్టర్ ఫెయిల్డ్' అన్న ముక్క దాటి ముందుకు రాలేదు.

ఇదంతా ఓర్చుకునేవాణ్ణే. వాపసు ఇవ్వడానికి వెళ్తే యజమాని నా ముఖమైనా చూడకుండా, నాకు అమ్మిన కుర్రాడి వైపు తిరిగి, "విండోస్ లేనోళ్లకు ఈ మోడల్ అంటగట్టొద్దని చెప్పానా లేదా?" అని కసిరాడు. అంటే సంగతి వాళ్లకు ముందే తెలుసు! ఆ మాట నా చెవిన పడిందన్న సంకోచం కూడా లేకుండా, సీలు విప్పిన పెట్టె వాపసు తీసుకునేది లేదని, కావాలంటే సర్వర్‌లో విండోస్ వేసిపెడతామని, పాత కస్టమర్‌ను కనుక ఆ చార్జీలో కొంత తగ్గిస్తామని సెలవిచ్చాడు. ఎంత ఉదారత! చెప్పు బిగుతైందని కాలు చెక్కించుకోమన్నట్టుంది.

కొనబోయేవారు ఐపీపీ ఎవ్రీవేర్ ధ్రువీకరణ పొందిన ప్రింటర్ల జాబితాలో మోడల్ పేరు చూసుకోండి. అలాంటిదైతే కప్స్ దాని వివరాలను దాన్నే అడిగి తెలుసుకుంటుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు. నోటి హామీని బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే అక్కడి నుంచి కదిలిపోండి. ఇప్పటికే మోసపోయినవారికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, నేను ఫిర్యాదు నమోదు చేశాను.