20 అంగుళాల 12 బోరుకు ఏ చోక్? మూడేళ్ల వాడకం తర్వాత

షాట్‌గన్ గొట్టం పొట్టిదైతే తూటాలోని చిన్న సీసపు గుళ్లు ఎక్కువ చెదురుతాయన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. చెదరడాన్ని నిర్ణయించేది పొడవు కాదు, మూతి దగ్గరి బిగింపు. దాన్నే చోక్ అంటారు, చాలా తుపాకుల్లో అది మరతో బిగించే చిన్న ట్యూబు. 12 బోరు లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ. స్కీట్ చోక్ దాన్ని 0.13 మి.మీ. తగ్గిస్తుంది. ఇంప్రూవ్డ్ సిలిండర్ 0.25, మాడిఫైడ్ 0.5, ఫుల్ 0.9 నుంచి 1 మి.మీ. వరకు. వెంట్రుకవాసి తేడాలే. అయినా 36 మీటర్ల దగ్గర 76 సెం.మీ. వృత్తంలో సిలిండర్‌తో, అంటే బిగింపే లేని చోక్‌తో, దాదాపు 40 శాతం గుళ్లు పడితే, ఫుల్‌తో 70 శాతం పడతాయి. పొడవు తగ్గితే పోయేది కొద్దిపాటి వేగం, పెరిగేది మోత.

ఫ్యాక్టరీలోనే 20 అంగుళాల గొట్టంతో తయారైన పంప్ యాక్షన్‌లో (ముందు పిడిని వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించే తుపాకీ), గాల్లోకి విసిరే క్లే డిస్కుల మీదే ఇవన్నీ వాడాక చెబుతున్నా: ఒక్కటే కొనాలంటే ఇంప్రూవ్డ్ సిలిండర్ కొనండి. పొట్టి తుపాకీ చప్పున తిరుగుతుంది, చప్పున ఆగిపోతుంది కూడా. అందుకే దాంతో తగిలే దెబ్బలు ఎక్కువగా 15 నుంచి 25 మీటర్ల లోపువే. ఆ దూరంలో ఫుల్ పెడితే గుళ్లన్నీ ఒక్కచోటే కుప్పపడతాయి, గురి జానెడు తప్పినా డిస్కు క్షేమంగా వెళ్లిపోతుంది. 20 మీటర్ల లోపే కాల్చేవారికి స్కీట్ ఇంకా నయం. 30 దాటితే మాడిఫైడ్.

ట్యూబు మీద రాసిన పేరును నమ్మి ఊరుకోవద్దు. నాలుగు చార్టులు అతికించి మధ్యలో చుక్క పెట్టండి. మీరు కాల్చే దూరం నుంచే, మీరు వాడే తూటాతోనే ఐదు కాగితాలు కాల్చండి. గుళ్లు చిక్కగా పడినచోట 76 సెం.మీ. వృత్తం గీసి లెక్కపెట్టండి. 24 గ్రాముల తూటాలో 2.4 మి.మీ. సీసపు గుళ్లు సుమారు 300 ఉంటాయి, శాతం అక్కణ్నుంచి తేలుతుంది. వృత్తం మధ్య ప్రతిసారీ చుక్కకు ఒకే పక్కన పడుతుంటే ముందు తుపాకీ భుజానికి ఆనించే తీరు సరిచూసుకోండి, ఆ తర్వాత ట్యూబును అనుమానించండి.

కొనేటప్పుడు ట్యూబు మర మీ తుపాకీకి సరిపోతుందో చూసుకోవాలి, కంపెనీని బట్టి మారుతుంది. మాస్‌బర్గ్ అక్యూ-చోక్, పాత వించెస్టర్ ఇన్వెక్టర్ ఒకదాంట్లో ఒకటి పడతాయి. రెమింగ్టన్‌ది, ఇన్వెక్టర్ ప్లస్ వేరు. బెరెటా తరహా ట్యూబుల్లో ఒక గాటు ఉంటే ఫుల్, ఐదు ఉంటే సిలిండర్. ఉక్కు గుళ్లు ఫుల్‌లోంచి కాల్చకూడదు.

అసలు తలనొప్పి తుప్పు. కృష్ణా తీరం తేమకు, రెక్సిన్ కవర్లో పెట్టిన తుపాకీకి వానాకాలంలో మరలు పట్టేస్తాయి. ఆటోనగర్‌లో మెకానిక్‌లు వాడే రాగి గ్రీజు మర మీద పల్చగా రాస్తే చాలు. కాల్చిన రోజే ట్యూబు విప్పి, మసి తుడిచి, మళ్లీ బిగించాలి. పాతిక తూటాలకోసారి ఖాళీ చేసిన తుపాకీలో బిగుతు సరిచూడాలి, వేడికి వదులవుతుంది. వదులైన ట్యూబు అంచుకు గుళ్లు తగిలితే గొట్టం ఉబ్బుతుంది. ట్యూబు లేకుండా కాల్చినా మరల్లోకి సీసం దిగుతుంది. పట్టేస్తే పటకారు వేయకండి, ట్యూబు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూసుకుని, చొచ్చుకుపోయే నూనె పోసి రాత్రంతా ఉంచి, ట్యూబుతో వచ్చే దాని తాళంతోనే (చోక్ కీ) తిప్పండి.

ఫిక్స్‌డ్ చోక్ (విప్పలేనిది, గొట్టంలోనే కలిసి ఉండేది) ఉన్న పాత డబుల్ బ్యారెల్‌ను కోయించి పొట్టి చేయాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. అనుమతి లేకుండా గొట్టం కురచ చేయడం 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కింద నేరం. పైగా చోక్ ఉండేది మూతి దగ్గరే కాబట్టి కోతతో అదీ పోతుంది, మిగిలేది వట్టి సిలిండర్. లేత్ దగ్గర మరలు వేయించడమూ అంతే ప్రమాదం: పాత గొట్టాల మూతి దగ్గర గోడ పల్చన, మర తీస్తే ఒత్తిడికి చీలుతుంది. లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారు మందం కొలిచి సరేనంటేనే ఆ పని.