ఒపేరా డీవీడీలు కొనేవాళ్లు జాగ్రత్త: అట్ట అసలుది, లోపల డిస్కులు నకిలీ

జర్మన్ స్వరకర్త వాగ్నర్ ‘రింగ్’ (నాలుగు ఒపేరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, కలిసిన ఒకే కథ) డీవీడీ సెట్ కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను కొన్న సెట్ అట్ట మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి: బైరాయిట్ (వాగ్నర్ ఒపేరాల ఉత్సవం జరిగే జర్మనీ ఊరు), దర్శకుడు పాత్రిస్ షెరో, కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించేవాడు) పియర్ బూలెజ్. లోపల పెట్టినవి మాత్రం ఎవరో కంప్యూటర్‌లో రైట్ చేసిన డిస్కులు.

ఈ సెట్ విలువ తెలిసినవాళ్లకు నా కోపం అర్థమవుతుంది. బైరాయిట్ ఉత్సవానికి నూరేళ్లు నిండిన 1976లో షెరో ఈ నాలుగు ఒపేరాల కథను పారిశ్రామిక యుగంలోకి తెచ్చాడు. రైన్ నది పారాల్సిన చోట పెద్ద డ్యామ్ కట్టాడు. దేవతల రాజు వోటాన్‌కు 19వ శతాబ్దపు కోటు తొడిగాడు. మొదటి ఏడాది జనం అరిచి గోల చేశారు. అదే జనం 1980లో ఆఖరి ప్రదర్శన అయ్యాక గంటకు పైగా చప్పట్లు కొట్టారు. ఆ ప్రదర్శన ఇక రాదు. టీవీ కోసం బ్రయన్ లార్జ్ తీసిన వీడియోనే మనకు దిక్కు. దాన్ని పాడుచేసి అమ్మడం మామూలు మోసం కాదు.

డిస్కు తిప్పి చూస్తే అడుగుభాగం ఊదారంగులో ఉంది. కంపెనీ అచ్చువేసిన డిస్కుకు వెండిరంగో, లేత బంగారురంగో ఉంటుంది. అప్పటి టీవీ కొలతల్లో తీసిన బొమ్మను వెడల్పు తెరకు సాగదీశారు, మనుషులంతా పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. సబ్‌టైటిల్స్ అసలు లేవు. జర్మన్ రాకపోతే సుమారు 14 గంటల ఒపేరాను మాట అర్థం కాకుండా చూడాలన్నమాట! అన్నిటికన్నా బాధ కలిగించింది ఆఖరి డిస్కు. చివర్లో మంటలు చూస్తూ నిలబడ్డ జనం మెల్లగా మనవైపు తిరుగుతారు. షెరో రింగ్ అంతా ఆ చూపు దగ్గరికే వచ్చి ఆగుతుంది. నా డిస్కు వాళ్లు తిరగకముందే ఆగిపోయింది.

అమ్మినవాణ్ణి అడిగితే “అది మోడర్న్ ప్రొడక్షన్ అండీ, అలాగే ఉంటుంది” అన్నాడు. సీల్ తీశారు కాబట్టి వాపసు కుదరదన్నాడు. ఈ మాట నమ్మకండి. కొత్త తరహా రంగస్థలం అంటే బొమ్మ సాగిపోవడం, పాట మధ్యలో తెగిపోవడం కాదు. ఒపేరాకు కొత్తగా వచ్చినవాళ్లు ఇది విని, తప్పు దర్శకుడిదేమో అనుకునే ప్రమాదం ఉంది.

కొనేముందు డిస్కుల అడుగుభాగం ఫొటో అడగండి. పంపనంటే అక్కడితో వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. రీజియన్ కోడ్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే గుర్తు) కూడా చూసుకోవాలి: డీవీడీల్లో మన దేశానిది 5, యూరప్‌ది 2, అమెరికాది 1. డిస్కు మీద 0 అని ఉంటే ఏ రీజియన్ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. బ్లూరేలో మనది సి, యూరప్‌ది బి.

ఇంకొక సంగతి. ఒపేరా పేరొక్కటే చూసి ఆర్డర్ పెట్టొద్దు. దర్శకుడు, కండక్టర్, థియేటర్, సంవత్సరం, ఈ నాలుగూ కలిస్తేనే మీరు కోరుకున్న వీడియో. మొజార్ట్ ఒపేరాకు ‘డాన్ జొవాని’ అని మాత్రమే రాసి ఉంటే, దర్శకుడు పీటర్ సెల్లర్స్ న్యూయార్క్‌లోని స్పానిష్ హార్లెం వీధుల్లో నడిపించింది వస్తుందో, పట్టుబట్టలు, విగ్గులతో ఉన్న పాతకాలపుది వస్తుందో చెప్పలేం. మరో దర్శకుడు జొనాథన్ మిల్లర్ వెర్డీ ఇటాలియన్ ఒపేరా ‘రిగొలెట్టో’ను 1950ల న్యూయార్క్ మాఫియా కథగా మార్చాడు. చాలా బాగుంటుంది, కానీ పాడేది ఇంగ్లీషులో. ఇటాలియన్‌లో వినాలనుకుంటే అది మీకు పనికిరాదు. చాలా సైట్లలో అన్ని ప్రొడక్షన్ల రివ్యూలూ ఒకేచోట కలిపేస్తారు, కాబట్టి స్టార్ రేటింగ్ చూసి మోసపోవద్దు.

నా డబ్బు ఇంకా రాలేదు. బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. అదే ఫొటోతో ఆ సెట్ ఇప్పటికీ అమ్మకానికి ఉంది. ఇంకెవరికైనా ఇలా జరిగి ఉంటే డిస్కుల ఫొటోలు కింద పెట్టండి, ఫిర్యాదుకు జతచేస్తాను.