షార్ట్ బుక్: మందుల దుకాణంలో ఆరేళ్ల వాడకం తర్వాత

మందుల దుకాణం నడిపేవారికి షార్ట్ బుక్ కొత్త కాదు. అడిగితే లేదన్న మందుల పేర్లు రాసుకునే పుస్తకం. మా నాన్నగారి హయాంలో కౌంటరుకు దారంతో కట్టి ఉండేది. బిల్లింగు సాఫ్ట్‌వేరు వచ్చాక దాన్ని అటకెక్కించింది నేనే. ఏది తరిగిందో తెరమీదే కనిపిస్తుంటే ఇంకా పెన్నూ పుస్తకమూ ఎందుకనుకున్నాను.

మళ్లీ దింపించింది ఒక థైరాయిడ్ మాత్ర. నెలనెలా వచ్చే పెద్దాయన ఒకరు రావడం మానేశారు. బజారులో కనబడితే అడిగాను. "డాక్టరుగారు 88 మైక్రోగ్రాములకు మార్చారు బాబూ. మీ దగ్గర రెండుసార్లు అడిగాను, లేదన్నారు. పక్క వీధిలో దొరికింది" అన్నారు. వచ్చి కంప్యూటరులో చూస్తే 88 అమ్మకం సున్నా. మేము తెప్పించలేదు కనుక అమ్మలేదు, అమ్మలేదు కనుక తెప్పించమని అది చెప్పలేదు. 75 ఇచ్చి సర్దుకోమనడానికి అది దగ్గు బిళ్ల కాదు కదా. ఆయన బీపీ మాత్రలు, షుగరు మాత్రలు కూడా పక్క వీధికే వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రమే 200 పేజీల రూళ్ల పుస్తకం కొన్నాను. మూడే గడులు: మోతాదుతో సహా మందు పేరు, ఎన్ని అడిగారు, తెప్పించమంటే ఫోను నంబరు.

మొదటి ఏడాది దండగ. తప్పు పుస్తకానిది కాదు. రోజూ రాత్రి దాన్ని తిరగేసి "ఇది ఎందుకు అయిపోయింది, ఎవరు చూసుకోలేదు?" అని కుర్రాళ్ల మీద ఎగిరేవాణ్ని. నెల తిరిగేసరికి రోజుకు ఒకటో రెండో పేర్లు మిగిలాయి. సరుకంతా చక్కగా ఉందని మురిసిపోయాను కూడా. ఒక రోజు కౌంటరులో నేనే నిలబడితే గంటలో నలుగురు వట్టి చేతులతో వెనుదిరిగారు. ఇక రాసినవాణ్ని ఏమీ అననని ఆ రోజే మాటిచ్చాను. వారం రోజులు ఎవరూ నమ్మలేదు. తర్వాత పేజీలు నిండసాగాయి.

బాగా పనికొచ్చిన చేర్పు రబ్బరు బ్యాండు. రోజూ పోయే మందుల్లో చివరి రెండు స్ట్రిప్పులకు బ్యాండు వేసి పెడతాం. దాన్ని విప్పినవాడు ముందు పేరు రాసి, ఆ తర్వాతే మందు ఇవ్వాలి. టయోటా కర్మాగారాల్లో, వాడిన భాగాల స్థానంలో మళ్లీ కావాలని వెనక విభాగానికి చెప్పే కాన్‌బాన్ కార్డుల పని ఇలాంటిదేనట. దాన్ని తెచ్చిన తాయిచి ఓనోకు అరలో సరుకు తీసినంత మేరకే మళ్లీ నింపే అమెరికా సూపర్‌మార్కెట్ల పద్ధతి స్ఫూర్తి అని తర్వాత చదివాను. దుకాణం నుంచి కర్మాగారానికి వెళ్లిన విద్యేనన్నమాట!

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం క్లినిక్కులు వదిలే వేళ రాత కోడిగీతలే; మరునాడు రాసినవాడే చదవలేడు. ఇంకొకటి, ఒక్కరు అడిగారని పెట్టెడు తెప్పించి, గడువు తీరేదాకా చూస్తూ కూర్చున్నవి నా దగ్గర చాలానే ఉన్నాయి. ఇప్పుడు ముగ్గురు వేర్వేరు మనుషులు అడిగితేనే అరలో చోటిస్తున్నాం. ఒక్కరికే కావాలంటే వారి వరకు తెప్పించి ఫోను చేస్తాం. సాఫ్ట్‌వేరును తీసేయలేదు. గడువు తేదీలు, లెక్కలు దానికే వదిలేశాను.

పోయిన నెల పుస్తకంలో మందుల పేర్ల నడుమ ఒక కుర్రాడు రాసిన పంక్తి: "కుర్చీ. ముగ్గురు అడిగారు." చీటీ ఇచ్చి నిలబడలేక గుమ్మం పట్టుకున్నవారట. రెండు కొని బయట వేశాం.