స్వాల్‌బార్డ్ యాత్ర: చిన్న నౌకకే నా ఓటు

ఉత్తర ధ్రువం వైపు నార్వేకి ఆవల ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో పెద్దదైన స్పిట్స్‌బెర్గెన్‌ని చుట్టి వచ్చే నౌకలు చాలా ఉన్నాయి. బుక్ చేసేముందు క్యాబిన్ ఫోటోలు కాదు, మొత్తం ప్రయాణికులు ఎంతమందో చూడండి. 2025 నుంచి అక్కడి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించిన నౌకలను రానివ్వడం లేదు. ఒడ్డున దిగడానికీ 43 చోట్లే అనుమతి. జనం ఎక్కువైతే వంతులు వేసి దింపుతారు, ఆలోపు వాతావరణం మారితే అంతే సంగతులు. మేం ఎక్కిన నౌకలో వందమంది కూడా లేరు. క్యాబిన్ ఇరుకు, స్నానాలగది మరీ ఇరుకు. అయినా పిలవగానే అందరం జోడియాక్ రబ్బరు పడవల్లోకి దిగిపోయేవాళ్లం. ఆ ఒక్క సౌకర్యం కోసం ఎక్కువ డబ్బు పెట్టినా నష్టం లేదు.

హిన్‌లోపెన్ జలసంధిలోని ఆల్కెఫ్యెలెట్ కొండ ఒక్కటి చూసినా ఈ ఖర్చుకు న్యాయం జరిగినట్టే. నిలువునా లేచిన నల్లరాతి గోడల మీద గిల్లెమోట్ అనే సముద్రపక్షుల జంటలు దాదాపు 60,000 కాపురం ఉంటాయి. గూడు కట్టవు, బండ అంచు మీదే ఒక్క గుడ్డు పెడతాయి. మూడు వారాల పిల్లకి ఎగరడం రాదు. అయినా కింద నీళ్లలోంచి తండ్రి పిలుస్తుంటే అంచు దాకా వచ్చి, వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చి దూకేస్తుంది. మా పడవకి దగ్గర్లోనే ఒకటి నీళ్లలో పడింది. తండ్రి వెంటనే దాని పక్కకి చేరి సముద్రంలోకి తీసుకెళ్లాడు. గురి తప్పి ఒడ్డున పడేవాటి కోసం నక్కలు కాచుకుని ఉంటాయి. ఇది చూడాలంటే జూలై చివర్లో వెళ్లాలి.

ఎలుగుబంటి దగ్గరగా కనిపిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి నుంచి జూన్ చివరి దాకా 500 మీటర్లు. ఇది మంచి నియమం, దాని తిండి వేటను మనం చెడగొట్టకూడదు. మంచి బైనాక్యులర్ తీసుకెళ్లండి.

స్పిట్స్‌బెర్గెన్ మీదే ఉన్న పరిశోధకుల ఊరు న్యీ-ఓలెసున్‌లో 2008లో మొదలైన మన హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని బయటినుంచి చూడగానే ఒళ్లు పులకరించింది. పరిశోధన పరికరాలకు అడ్డు రాకుండా ఆ ఊళ్లో వైఫై, బ్లూటూత్ ఆపేయాలి.

భోజనం విషయంలో శాకాహారులకు ఇబ్బంది లేదు, ముందే చెబితే విడిగా వండుతారు. పప్పు సూప్, పాస్తా రోజూ తినలేం కాబట్టి కందిపొడి దగ్గర పెట్టుకోండి.

స్వాల్‌బార్డ్ ముఖ్య పట్టణం లాంగ్‌యెర్‌బ్యెన్‌లో బస ఖరీదే. అయినా విమానం ఆలస్యమైతే నౌక ఆగదు గనుక ముందురోజే చేరడం మేలు. చాలా హోటళ్లలో గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి, బొగ్గు గనుల కాలం నాటి అలవాటది.

స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదంటారు. కానీ ఓస్లో మీదుగా వెళ్లి రావాలి, ఆ దీవులేమో షెంజెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) పరిధిలో లేవు. అందుకే సింగిల్ ఎంట్రీ సరిపోదు, డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసాకే దరఖాస్తు చేయండి.