సముద్రం పడనివాళ్లకి హేవ్‌లాక్: పడవ మానేసి అడవిలోంచి నడవండి

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఉన్న ఎలిఫెంట్ బీచ్‌కి నడిచి కూడా వెళ్లొచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో మాకు ఆ బీచ్‌కి పడవ ప్యాకేజీ అమ్మిన ఏజెంటు ఈ ఒక్క ముక్క చెప్పలేదు. "గోదావరిలో లాంచీ ఎక్కినా నాకు కడుపులో తిప్పుతుందండీ" అని ముందే చెప్పాను. "అసలు అలే ఉండదు మేడమ్, నిద్రపోతూ వెళ్లిపోతారు" అంటూ మనిషికి 1,200 చొప్పున నలుగురికీ రసీదు రాసేశాడు. నలుగురంటే నేను, మా ఆయన, అబ్బాయి, మా అత్తగారు.

అంతకంటే ముందు హేవ్‌లాక్ చేరాలి కదా. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్, పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం. బోర్డుల మీద అవే ఉంటాయి, ఆటోవాళ్ల నోట్లో మాత్రం పాత పేర్లే. ప్రైవేటు ఏసీ ఓడలో టికెట్ 1,650 పడింది. అద్దాలు బిగించేసి ఉంటాయి, మేమెక్కినదాంట్లో డెక్ మీదకి పోనివ్వలేదు. దీవుల చాటు దాటి బయటి సముద్రంలోకి రాగానే ఓడ ఊగడం మొదలెట్టింది. సిబ్బంది కవర్లు పంచారు. ముందు వరుసలో ఒకావిడ మొదలుపెట్టింది, ఇక వరసగా అందరం. మా అత్తగారు మాత్రం జంతికలు నములుతూ, "ఊపు కాదమ్మాయ్, ఈ మూత పెట్టిన గదే నీకు పడట్లేదు" అన్నారు. ఆవిడ అన్నది నిజమే. ఒళ్లు ఊగుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది, ఎదురుగా ఉన్న సీటు కదలట్లేదని కన్ను చెబుతుంది. ఆ తగాదాకే వాంతి. తిరుగు ప్రయాణం ప్రభుత్వ ఓడలో చేశాం. టికెట్ బాగా తక్కువ, కుర్చీలు పాతవి, టైమూ ఎక్కువే పట్టింది. కానీ డెక్ మీద గాలి ముఖానికి కొడుతూ, ఆకాశం నీళ్లు కలిసే గీత కనబడుతూ ఉంటే నాకు ఒక్క డోకు కూడా రాలేదు. ఓడ మధ్య భాగంలో నిలబడండి, ముందు కొసకి పోకండి. అవోమిన్ బిళ్ల వాంతి మొదలయ్యాక మింగితే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి. నిద్ర ముంచుకొస్తుంది, అది వేరే సంగతి.

హేవ్‌లాక్ జెట్టీలో ఎలిఫెంట్ బీచ్ పడవ కోసం గంటన్నర ఎండలో నిలబెట్టారు. ప్రయాణం అరగంట కూడా లేదు గానీ చిన్న మోటారు పడవ, డీజిలు కంపు, ప్రతి అలకీ నడుం మీద దెబ్బ. పక్కకి వంగి కక్కేశాను. పడవ కుర్రాడు తెలుగులో, "ఏటీ కాదమ్మా, సేపలకి మేతేసినావు" అని నవ్వాడు. ఒళ్లు మండింది. తర్వాత మాటల్లో తెలిసింది, వాళ్ల తాతది శ్రీకాకుళం వైపు ఊరట. ఆ తీరం నుంచి వచ్చి ఇక్కడ చేపలు పట్టుకుంటూ స్థిరపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు.

ప్యాకేజీలో "ఉచిత స్నార్కెలింగ్", అంటే మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్లలో ముఖం పెట్టి అడుగు చూడటం అన్నది ఇదీ: ఒక రబ్బరు ట్యూబుకి ఎనిమిదిమందిని తగిలించి, ఛాతీ లోతు నీళ్లలో పది నిమిషాలు అటూ ఇటూ తిప్పుతారు. అడుగున ఇసుక, విరిగిన పగడపు ముక్కలు తప్ప ఏమీ లేవు. అసలు పగడాలున్న చోటికి వెళ్లాలంటే మనిషికి ఇంకో 800, వీడియోకి 500. "మరి ఆ 1,200 దేనికి?" అని మా ఆయన గట్టిగా అడిగితే, బల్ల దగ్గర కూర్చున్నవాడు తలెత్తకుండా "పడవకి" అన్నాడు. వీడియో డబ్బులు మావాడి కోసం కట్టాం. మా ఆయన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. తిరిగి పడవెక్కేటప్పుడు ఆ శ్రీకాకుళం కుర్రాడే గొంతు తగ్గించి, "రేపు నడిసి రండమ్మా, రాధానగర్ రోడ్డులోంచి అడివి దారుంది" అన్నాడు.

వెళ్లాం. ఆటోకి 600, దారి చూపినతనికి 500. ఆకాశాన్నంటే చెట్ల మధ్య ముప్పావుగంట నడక, చివర మడచెట్ల దగ్గర కొంచెం బురద. వానాకాలంలో అయితే ఈ దారి జోలికి పోకండి, పెద్దవాళ్లని అసలే తీసుకెళ్లకండి. మా అత్తగారు రూములో ఉండిపోయారు. ఒడ్డున 2004 సునామీకి కూలిన మానులు ఇంకా పడి ఉన్నాయి. పడవల మంద రాకముందే చేరాం కాబట్టి నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. మాస్కుకి 300. కాసేపటికి పడవ తెచ్చిన మన కుర్రాడే నన్ను దింపాడు. "మొకం నీటిలో పెట్టీ, నోటితోటే ఊపిరి తియ్యి. కాలు కిందకి పెట్టకు, పగడం సచ్చిపోద్ది."

మొదట భయంతో ఉప్పునీళ్లు మింగాను. తర్వాత తల నీళ్లలో ఉన్నంతసేపూ వికారం ఊసే లేదు. ఏజెంటు ఫోటోల్లో పగడాలు ఎర్రగా, ఊదాగా వెలిగిపోతున్నాయి. ఇక్కడ ఎక్కువ గోధుమరంగే, అదే ప్రాణమున్న రంగు. పగడంలో కాపురముండే నాచు జీవుల వల్ల వచ్చేది. నీరు మరీ వేడెక్కితే అవి పోతాయి, పగడం తెల్లబారుతుంది. 2010లో ఇక్కడ పెద్దఎత్తున జరిగింది అదే. రంగులన్నీ చేపలవి. చిలకచేపలు పగడాన్ని ముక్కుతో గీకుతుంటే ఆ పటపట నీళ్లలో వినబడింది! అవి తిని విసర్జించేది ఇసుకే. చారల చేప ఒకటి సముద్రపు పువ్వులోంచి (పువ్వులా కనిపించే జీవి అది) వచ్చి నా వేలిని తరిమింది. మా ఆయన గంటసేపు బయటికి రాలేదు. వచ్చాక మాట్లాడాడు కూడా.

రాధానగర్ బీచ్ బాగుంది. గోవింద్ నగర్‌లో బస పరవాలేదు, 2,800, దోమలున్నాయి. జెట్టీ దగ్గర పాకలో చేపల పులుసు భోజనం 220, ఆ పులుసు కోసం రెండో పూట కూడా పోయాం.

నడవలేనివాళ్లు ఉంటే పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్ నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్లండి. పెద్ద పడవ, గంట ప్రయాణం, చాలా దూరం దీవుల మధ్య సందుల్లోంచే. మా అత్తగారు అక్కడ అద్దం అడుగు పడవలో కూర్చుని చీర తడవకుండా పగడాలు చూశారు. అది జాతీయ సముద్ర పార్కు, ప్లాస్టిక్ సీసా పోనివ్వరు, తినడానికేమీ దొరకదు. ఏడాదిలో కొన్నాళ్లు అదీ, కొన్నాళ్లు రెడ్ స్కిన్ దీవీ తెరుస్తారు కాబట్టి ముందే కనుక్కోండి. చచ్చిన పగడం ముక్క కూడా జేబులో వేసుకోకండి, విమానాశ్రయంలో సామాను వెతుకుతారు.

500 కట్టిన వీడియో ఫోనుకి రానేలేదు. పోర్ట్ బ్లెయిర్ చేరాక మా అత్తగారే ఏజెంటు కొట్టుకెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఇచ్చేదాకా లేవనన్నారు. అరగంటకి 500 చేతిలో పెట్టాడు. 1,200ల మాటెత్తితే మాత్రం ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు.