పది ఛానెళ్లు, ఒకటే నోరు: వార్త పుట్టిన చోటు వెతికే పద్ధతిపై దీర్ఘకాల సమీక్ష

ఇది ఏ యాప్ మీదా, ఏ ఛానెల్ మీదా సమీక్ష కాదు. పెద్ద పత్రికలూ టీవీలూ పదేపదే చెప్పే మాటను నమ్మేముందు అది పుట్టిన చోటు దాకా వెళ్లి చూసే పద్ధతి మీద సమీక్ష. ఏళ్ల తరబడి రోజూ వాడాక అందులో ఏది పనికొస్తుందో, ఏది మొరాయిస్తుందో, ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను. పద్ధతి గట్టిది. కానీ ‘మీడియా అంతా అబద్ధమే’ అని ముందే తేల్చేసుకున్నవాళ్ల చేతిలో ఇది పనిచెయ్యదు. అనుమానం వెళ్లి వెళ్లి ఒక కాగితం దగ్గర ఆగాలి: కోర్టు తీర్పు, గణాంకాల పట్టిక, పరిశోధనా పత్రం, లేదా కత్తిరించని పూర్తి వీడియో. మధ్యదారిలో ఆగిపోయిన అనుమానం గుడ్డి నమ్మకం కన్నా మెరుగైనదేమీ కాదు.

ఎన్ని చోట్ల వచ్చింది కాదు, ఎన్ని చోట్ల పుట్టింది

ఒకే వార్త పది చోట్ల కనిపిస్తే పదిమంది సాక్షులు ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ పదీ ఒకే వార్తా ఏజెన్సీ కాపీ కావచ్చు, ఒకే ప్రెస్ నోట్ కావచ్చు. అమెరికా వార్తా ఏజెన్సీ అసోసియేటెడ్ ప్రెస్ 1846లో మొదలైందే పత్రికలన్నీ ఖర్చు పంచుకుని ఒకే వార్తను వాడుకోవడానికి. అందులో తప్పేమీ లేదు. ఆ కాపీలను చదివేవాళ్లం వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టుకోవడంలోనే తప్పంతా ఉంది.

పుట్టిన చోటు పట్టుకోవాలంటే, మరొకరు యథాలాపంగా రాసే వీలు లేని వాక్యం, ఎనిమిది పది మాటలున్నది, ఒకటి తీసుకుని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకాలి. వచ్చినవాటిని తేదీ, గంట ప్రకారం పేర్చి అన్నిటికన్నా పాతదాన్ని తెరవాలి. తెలుగులో ఇక్కడే చిక్కు. ఒకే ఇంగ్లిష్ కాపీని ఒక్కో డెస్క్ (పత్రికలో వార్తలు దిద్దే విభాగం) ఒక్కోలా అనువదిస్తుంది కాబట్టి వాక్యం పట్టుకుని పోతే దొరకదు. అప్పుడు మూడు ఆనవాళ్లు చూడాలి: వింతగా ఉన్న అంకె, పేరు రాయడంలో తప్పు, పేరాల వరుస. నాలుగు పత్రికల్లో ఒకే మనిషి ఇంటిపేరు ఒకేలా తప్పు పడిందంటే నాలుగిటికీ తల్లి ఒకటే. సరైన సమాచారం ఎవరికైనా విడివిడిగా దొరకొచ్చు, ఒకే తప్పు మాత్రం విడివిడిగా దొరకదు. నేను అన్నిటికన్నా ఎక్కువ ఆధారపడే ఆనవాలు ఇదే.

తర్వాత డేట్‌లైన్ (వార్త మొదట్లో ఉండే ఊరి పేరు), బైలైన్ (రాసినవాళ్ల పేరు). ఊరి పేరుతో పాటు విలేఖరి పేరుందా, ‘ఏజెన్సీలు’ అని ఉందా, ఏమీ లేదా చూడాలి. సంఘటన ఒక చోట జరిగి డేట్‌లైన్ రాజధానిది అయితే, రాసినవాళ్లు చూసి రాసింది కాదు, విని రాసింది. ఈ పని ఒక్కో వార్తకు మొదట్లో పావుగంట పడుతుంది, చెయ్యి తిరిగాక అయిదు నిమిషాలు చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సాధన చెయ్యడానికి మంచి ఉదాహరణ 2009 నాటిది. ఫ్రెంచ్ సంగీత దర్శకుడు మోరిస్ జార్ చనిపోయినప్పుడు ఐర్లండ్‌కు చెందిన ఒక విద్యార్థి ఆయన అన్నట్టుగా ఒక కల్పిత వాక్యాన్ని వికీపీడియాలో చేర్చాడు. ఆధారం లేదని వికీపీడియా సంపాదకులు దాన్ని తీసేశారు. ఈలోగానే అది పలు దేశాల పత్రికల సంస్మరణ వ్యాసాల్లోకి ఎక్కింది. ఆ విద్యార్థి తనంతట తానే పత్రికలకు రాసి చెప్పేదాకా అచ్చులో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత బ్రిటన్ పత్రిక గార్డియన్ సవరణ వేసింది. ఎన్ని పత్రికల్లో వచ్చినా అది పుట్టిన చోటు ఒక్కటే, అదీ ఆధారం లేనిది.

‘తెలిసింది’ అంటే ఎవరికి?

తెలుగు వార్తను పరీక్షించడానికి మన భాషే ఒక సులువు ఇచ్చింది. వాక్యం చివరి క్రియ చూస్తే చాలు. ‘అన్నారు’, ‘చెప్పారు’ అంటే మాటకు ఒక మనిషి పూచీ ఉన్నాడు, రేపు నిలదీయొచ్చు. ‘తెలిసింది’, ‘అని సమాచారం’ అంటే పేరు చెప్పని ఎవరో ఒకరు. ‘ప్రచారం జరుగుతోంది’, ‘జోరుగా చర్చ నడుస్తోంది’ అంటే ఆ ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. ‘కలకలం’, ‘దుమారం’, ‘సంచలనం’ అనేవి జరిగినదాన్ని చెప్పవు, మనం ఎలా ఉలిక్కిపడాలో చెబుతాయి. వార్తలో మొదటి పది వాక్యాలు తీసుకుని ‘అన్నారు’లు ఎన్ని, ‘తెలిసింది’లు ఎన్ని లెక్కపెట్టండి. రెండో రకం సగం దాటితే దాన్ని రెండు రోజులు పక్కన పెట్టి చూడటం మంచిది.

ఇంకా ముఖ్యమైంది, ఈ క్రియలు రోజులు గడిచేకొద్దీ మారే తీరు. మొదటి రోజు ‘అని సమాచారం’. రెండో రోజు ‘వార్తలు వచ్చిన నేపథ్యంలో’. వారం తిరిగేసరికి అదే మాట వార్త చివరి పేరాలో ఏ ముసుగూ లేకుండా, జరిగిపోయిన విషయంగా కూర్చుంటుంది. కొత్త రుజువేదీ రాలేదు, క్రియ ఒక్కటే మారింది. చాలామంది కొత్త వార్తనే అనుమానిస్తారు. అనుమానించాల్సింది ఆ చివరి నేపథ్యం పేరాని. దాన్ని డెస్క్‌లో పాత వార్త నుంచి ఎత్తి అతికిస్తారు, మళ్లీ ఎవరూ సరిచూడరు.

1994 ఇస్రో గూఢచర్యం కేసులో ఇది ఎంత నష్టం చేస్తుందో కనిపిస్తుంది. ఆ ఏడాది నవంబరులో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను అరెస్టు చేశారు. పేరు చెప్పని వర్గాల కథలు పత్రికల్లో రోజుల తరబడి నడిచాయి. క్రయోజెనిక్ ఇంజిన్ (అతిశీతల ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్) రహస్యాలు అమ్మేశారన్నది ఆరోపణ. అప్పటికి భారత్ ఆ ఇంజిన్‌ను సొంతంగా తయారుచేసే స్థితిలోనే లేదు. లేని రహస్యాన్ని ఎలా అమ్ముతారు అన్నది మొదటి రోజే అడగదగ్గ ప్రశ్న. 1996లో సీబీఐ ఆరోపణలకు ఆధారం లేదని తేల్చింది. మళ్లీ దర్యాప్తు చెయ్యాలన్న కేరళ ప్రభుత్వ ప్రయత్నాన్ని 1998లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2018 సెప్టెంబరులో 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. అరెస్టు నుంచి పరిహారం దాకా దాదాపు 24 ఏళ్లు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను అలాంటి వార్తల దగ్గర వాడకూడదు. పొగ పెట్టేవాళ్లు వేరే ఉంటారు.

ఇంకో రకం మోసం ఇంతకన్నా కనిపెట్టడం కష్టం. 2002 సెప్టెంబరు 8న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో, ఇరాక్ అణు కార్యక్రమం కోసం ప్రత్యేక అల్యూమినియం గొట్టాలు కొనబోయిందని కథనం వచ్చింది. చెప్పింది పేరులేని అమెరికా ప్రభుత్వ అధికారులు. అదే రోజు అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టీవీలో మాట్లాడుతూ ఆ పత్రిక కథనాన్నే ప్రస్తావించారు. ప్రభుత్వం చెప్పిందని పత్రిక రాసింది, పత్రిక రాసిందని ప్రభుత్వం చెప్పింది. చూసేవాళ్లకు రెండు ఆధారాలుగా కనిపించినా అక్కడున్నది ఒకటే. ఆ గొట్టాలు మామూలు రాకెట్ల కోసమని అమెరికా ఇంధన శాఖ నిపుణులు అప్పటికే అంటున్నారు. నైట్ రిడర్ అనే అమెరికా పత్రికా సంస్థ విలేఖరులు జొనాథన్ లాండే, వారెన్ స్ట్రోబెల్, ఇరాక్ మీద యుద్ధానికి దిగాలన్న ప్రభుత్వ వాదనను అప్పుడే ప్రశ్నిస్తూ రాశారు. వాళ్లు పెద్ద తలకాయలను కాకుండా కింది స్థాయిలో పనిచేసే నిపుణులను అడిగారు. న్యూయార్క్ టైమ్స్ తన కథనాల్లోని లోపాలను 2004 మే 26న సంపాదకుల వివరణలో ఒప్పుకుంది. అప్పటికి ఇరాక్ యుద్ధం మొదలై ఏడాది దాటింది. కాబట్టి ఒక పెద్ద వ్యవహారంలో అందరూ ఒకే మాట అంటుంటే, ఆ విషయం చేతులతో చేసేవాళ్లు, అంటే ఇంజినీరో, లెక్కల అధికారో, వైద్యుడో పేరు పెట్టి మాట్లాడిన వాక్యం ఎక్కడైనా ఉందేమో వెతకండి. లేకపోతే ఆ లోటు మీదే ముందు అనుమానపడాలి.

పదేపదే వింటే నమ్మకం ఎందుకు కుదురుతుందో 1977లోనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు హాషర్, గోల్డ్‌స్టైన్, టోపినో చూపించారు. రెండేసి వారాల తేడాతో మూడుసార్లు వాక్యాలు వినిపిస్తే, మళ్లీ మళ్లీ వచ్చిన వాక్యాలను జనం నిజమని ఎక్కువగా అనుకున్నారు, అవి అబద్ధమైనా సరే. తెలిసిన మనిషి ఎదురైనట్టు తెలిసిన వాక్యం హాయిగా ఉంటుంది, ఆ హాయిని నిజం అనుకుంటాం. దీనికి మందు తక్కువసార్లు వినడమే. రోజంతా స్క్రోలింగ్ నడిచే ఛానెల్ పెట్టుకుని కూర్చుని, ఎంత జాగ్రత్తగా అనుమానించినా లాభం లేదు. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, చదవడం మాత్రమే. నాకు తేడా కనిపించింది ఈ ఒక్క మార్పుతోనే.

అంకెలు

శాతం కనిపించగానే ‘దేనిలో శాతం?’ అని అడగాలి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కూడా అదే వర్గంలో ఉండటంతో రెండూ సమానమన్నట్టు శీర్షికలు వచ్చాయి. ఆ వర్గం చెప్పేది రుజువు ఎంత గట్టిదో, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని సంస్థ చెప్పింది. వందమందిలో అయిదుగురికి వచ్చే జబ్బయితే 18 శాతం పెరుగుదల అంటే దాదాపు ఆరుగురు. శీర్షికలో పడేది 18, జీవితానికి సంబంధించింది అయిదు నుంచి ఆరు.

‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. సర్వేలో వెయ్యిమందిని అడిగితే అన్నీ సవ్యంగా ఉన్నా మూడు పాయింట్లు అటూ ఇటూ పొరపాటు ఉంటుంది. ఇద్దరి మధ్య తేడా రెండు పాయింట్లే అయితే ఎవరు ముందున్నారో ఆ సర్వే చెప్పలేదు. ఇక ఎగ్జిట్ పోల్స్: 2024 జూన్ 1న చాలా సంస్థలు ఎన్డీఏకు 350 పైన సీట్లు ఇచ్చాయి. జూన్ 4న వచ్చినవి 293. ఛానెళ్లన్నీ ఒకే దిక్కున చెబుతున్నాయి కదా అన్న ధీమా ఆ మూడు రోజులే.

ఫోటోలు, మారిన శీర్షికలు

దీనికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఫోటోను గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో వెతికి అన్నిటికన్నా పాత తేదీ చూడాలి. వీడియో అయితే మూడు నాలుగు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి ఒక్కొక్కటీ విడిగా వెతకాలి. చప్పుడు లేకుండా శీర్షిక మార్చారన్న అనుమానముంటే పాత వెబ్ పేజీలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో పేజీ చిరునామా ఇచ్చి పాత నకళ్లు పోల్చాలి. ముఖ్యమైన పేజీని చదివినరోజే అక్కడ భద్రపరచండి, రేపు ఉంటుందన్న హామీ లేదు.

ఎక్కడ చెడుతుంది

పద్ధతికి ఉన్న పెద్ద లోపం దాన్ని వాడేవాళ్లలోనే పుడుతుంది. ‘అందరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి అబద్ధం’ అనే చోటికి జారడం చాలా తేలిక. 2016 ఏప్రిల్ 3న వందకు పైగా మీడియా సంస్థలు ఒకేసారి పనామా పత్రాల (విదేశాల్లో డబ్బు దాచే రహస్య కంపెనీల గురించి బయటపడిన పత్రాలు) కథనాలు వేశాయి. ఒకే రోజు, ఒకే విషయం, ముందే కూడబలుక్కుని. అయినా అది నిలబడింది, ఎందుకంటే వెనక కోటి 15 లక్షల పత్రాలున్నాయి. కూడబలుక్కోవడం నేరం కాదు, కాగితం లేకపోవడం లోపం. మరోవైపు 2018లో అమెరికాలో సింక్లెయిర్ అనే టీవీ సంస్థ స్టేషన్లలో డజన్ల కొద్దీ యాంకర్లు యాజమాన్యం పంపిన ఒకే పాఠాన్ని చదివారు. అక్కడ చదవడానికి వాక్యాలున్నాయి, చూపించడానికి పత్రాలు లేవు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే కింద ఏముందో తవ్వాల్సిందే.

రెండో లోపం, పెద్ద పత్రికను వదిలి ఒంటరి యూట్యూబ్ గొంతును పట్టుకోవడం. 2016లో కొత్త 2,000 రూపాయల నోటులో నానో చిప్ ఉందన్న కథ ఫోన్లలో పుట్టి టీవీ తెరల మీదికి ఎక్కింది. పుకారు ప్రయాణం అటు నుంచి ఇటూ ఉంటుంది. అందుకే ఏ గొంతునైనా ఒకే ప్రశ్నతో తూచాలి: గత ఏడాదిలో ‘మేం తప్పు రాశాం’ అని పేరు, తేదీలతో ఎన్నిసార్లు చెప్పింది? సవరణలు వేసే పత్రిక తప్పులు ఎక్కువ చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక్క సవరణా లేనిచోట తప్పులు లేకపోవడం కాదు, వాటిని లెక్కపెట్టేవాళ్లు లేరు.

మూడోది, ప్రమాదాలు, దాడులు జరిగిన మొదటి రోజు ఈ పద్ధతి దాదాపు పనిచెయ్యదు. పత్రాలే ఉండవు. మృతుల సంఖ్య, అనుమానితుల పేర్లు, కారణాలు మూడూ మారతాయి. ఆ రోజు ప్రాణరక్షణకు కావాల్సిన ప్రకటనలు మాత్రం తీసుకుని, మిగతాది 48 గంటలు వదిలెయ్యడమే నయం.

ఇక మన అభిప్రాయానికి అనుకూలమైన వార్తలను మన మనసు అనుమానించదు, దీనికి పద్ధతిలో మందు లేదు. నేను వాడేది ఒక నోటుపుస్తకం, నాలుగు గడులు: తేదీ, వాదన, పుట్టిన చోటు, 90 రోజుల తర్వాత తేలింది. వారానికి మూడు వార్తలు చాలు. అందులో కనీసం ఒకటి చదవగానే మీకు సంతోషం కలిగించింది అయ్యుండాలి. మూడో గడి నింపలేకపోతే ‘దొరకలేదు’ అని రాసి వదిలెయ్యండి, ‘అబద్ధం’ అని రాయకండి.